ఎర్రబడని గడి

ఈ ఎపిసోడ్‌లో నేను మాట్లాడిందే ఇక్కడ కాస్త సర్ది రాస్తున్నాను. రూమ్‌లో నెట్ సరిగ్గా రానివాళ్లు, డ్యూటీ నుంచి వచ్చి వినే ఓపిక లేనివాళ్లు తీరిగ్గా చదువుకోవచ్చు.

ఈసారి విషయం ఎక్సెల్ షీట్‌లో రంగులు. నవ్వకండి. మనలో చాలామందికి ఎక్సెల్ అంటే ఆఫీసులో ఏసీ కింద కూర్చునేవాళ్ల పని. కానీ మన ఓవర్‌టైమ్, మన సెలవు, మన వీసా గడువు, మన మెడికల్, అన్నీ ఎక్కడో ఒక షీట్‌లో ఒక గడిలో ఉంటాయి. ఆ గడికి ఏ రంగు పడుతుందో చూసి ఎవరో ఒకరు నిర్ణయం తీసుకుంటారు. గడిలో అంకె ఫలానా హద్దు దాటితే దానంతట అదే ఎర్రబడాలి, పచ్చబడాలి అని షీట్‌కు ముందే చెప్పి పెట్టడాన్ని కండిషనల్ ఫార్మాటింగ్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే షరతు పెట్టి రంగు వేయించడం. దీని చరిత్ర చెప్పాలనుకోవడానికి కారణం నా చేతుల మీదుగా జరిగిన ఒక పొరపాటు. ముందు అది చెప్తాను.

2012. అప్పుడు నేను గల్ఫ్‌లో ఉన్నాను. కంపెనీ పేరు వద్దు. ఐటీఐ ఎలక్ట్రీషియన్‌గా వెళ్లి ఫోర్‌మన్ అయ్యాను. కంప్యూటర్ కొంచెం తెలుసని క్యాంపు లిస్టు నాకు అప్పజెప్పారు. మూడొందల పైచిలుకు పేర్లు, పాస్‌పోర్ట్ నంబర్లు, రెసిడెన్స్ పర్మిట్ గడువు తేదీలు. అంతకుముందు ఆ లిస్టు చూసేవాడు పెన్ను పట్టుకుని ఒక్కొక్క లైనూ చదివేవాడు. నేను షరతు పెట్టాను. గడువుకు 30 రోజుల కంటే తక్కువ ఉంటే గడి ఎర్రబడాలి. పెట్టగానే పదిహేనో ఇరవయ్యో పేర్లు ఎర్రగా వెలిగాయి. మేనేజర్ భుజం తట్టాడు. నెలకోసారి కలర్ ప్రింట్ తీసి మెస్ దగ్గర బోర్డుకు అంటించేవాణ్ణి. ఎర్రగా ఉన్నవాళ్లు వచ్చి పాస్‌పోర్ట్ కాపీ, ఫొటోలు ఇచ్చేవాళ్లు. ఎర్రగా లేనివాళ్లు అన్నం తిని పడుకునేవాళ్లు.

ఆ లిస్టులో మా జిల్లా తమ్ముడు ఒకడు ఉన్నాడు. షట్టరింగ్ కార్పెంటర్. గడువు 25/03/2012. చెల్లెలి పెళ్లికి ఏప్రిల్‌లో టికెట్ తీసుకున్నాడు. ఎయిర్‌పోర్ట్‌లో ఇమ్మిగ్రేషన్ దగ్గర ఆపేశారు. పర్మిట్ గడువు ఎప్పుడో దాటిపోయింది, జరిమానా కట్టు, కాగితాలు తెచ్చుకో అన్నారు. జరిమానా కట్టి, కాగితాలు సరిచేసుకుని, ఇంకో టికెట్ దొరికేసరికి ఐదు రోజులు. ఇంటికి చేరేసరికి పందిరి విప్పేశారు. అతను నన్ను తిట్టలేదు. ఫోన్‌లో ఒక్క మాట అన్నాడు.

"అన్నా, నీ లిస్టుల నా పేరు ఎర్రగ లేదు గదా అని ధైర్యంగ ఉన్న."

ఆ మాట పన్నెండేళ్లు దాటినా నన్ను వదల్లేదు. గల్ఫ్‌లో గడువు తప్పడం అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. యూఏఈ 2018లో ఒకసారి, 2024లో ఇంకోసారి క్షమాభిక్ష ప్రకటించినప్పుడు కాగితాలు లేనివాళ్లు ఎంత ఆశతో లైన్లలో నిలబడ్డారో అందరం చూశాం. వాళ్లలో కావాలని గడువు దాటించినవాళ్లు కొందరే. ఏం జరిగిందో తెలియకుండానే దాటిపోయినవాళ్లు బోలెడుమంది.

మరి ఆ గడి ఎందుకు ఎర్రబడలేదు? అది తెలియాలంటే ముందు ఈ ఎరుపు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

ముప్పై అయిదు కింద గీత

షరతు పెట్టి రంగు వేయడం కంప్యూటర్ కనిపెట్టింది కాదు. మన బడిలో మాస్టారు చేసిందే. ప్రోగ్రెస్ కార్డు గుర్తుందా? 35 దాటితే నీలం సిరా. 34 వచ్చిందా, కింద ఎర్ర గీత, లేదా చుట్టూ ఎర్ర సున్నా. నాన్న సంతకం పెట్టేముందు కార్డు మొత్తం చదవడు. ఎర్ర గీతలు ఎన్ని ఉన్నాయో చూస్తాడు, అంతే. మా నాన్నకు చదువు రాదు. అయినా ఎరుపు చదవడం వచ్చు. ఈ పద్ధతి బలం అదే. అంకెలు రానివాడికి కూడా అంకె ఏం చెప్తోందో తెలుస్తుంది.

వ్యాపారుల ఖాతా పుస్తకాల్లోనూ అంతే. నష్టాన్ని, మైనస్ నిల్వను ఎర్ర సిరాతో రాయడం చాలా దేశాల్లో ఉన్న పాత అలవాటు. మన గోడ క్యాలెండర్‌లో ఆదివారాలు, పండగలు ఎర్ర అంకెల్లో ఉంటాయి. అదీ ఒక షరతే. ఆ రోజు సెలవైతే ఎరుపు.

అంగన్‌వాడీలో ఆయమ్మ పసిపిల్లల జబ్బకు చుట్టే టేపు చూసి ఉంటారు. చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే ఎరుపు, 11.5 నుంచి 12.5 వరకు పసుపు, ఆ పైన ఆకుపచ్చ. ఎరుపు వచ్చిందంటే ఆ బిడ్డ తీవ్రమైన పోషకాహార లోపంతో ఉన్నట్టు. ఈ టేపులో ఒక విషయం గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. కొలిచాక ఏదో ఒక రంగు వచ్చి తీరుతుంది. బిడ్డ బాగుంటే బాగున్నట్టు కూడా ఒక రంగు చెప్తుంది. రంగు లేకపోవడం అనేది అందులో లేదు.

పెద్ద పట్టికలకు రంగు వేయడం కూడా పాతదే. 1873లో టూసాన్ లువా అనే ఫ్రెంచ్ గణాంకవేత్త పారిస్ జనాభా మీద ఒక అట్లాస్ వేశాడు. ఆ నగరంలోని 20 వార్డుల లెక్కలన్నీ ఒకే పట్టికలో పెట్టి, గడిగడికీ అంకెను బట్టి రంగు నింపాడు. తక్కువైతే తెలుపు, బాగా ఎక్కువైతే ఎరుపు. అంటే ఇవాళ ఎక్సెల్‌లో కలర్ స్కేల్ అని మనం ఒక్క క్లిక్‌తో చేసేది, నూట యాభై ఏళ్ల కింద ఒక మనిషి కూర్చుని చేత్తో చేశాడు.

నల్లబల్ల నుంచి ఎక్సెల్ 97 దాకా

కంప్యూటర్‌లో షీట్ సంగతికి వద్దాం. 1978లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో డాన్ బ్రిక్లిన్ అనే విద్యార్థి క్లాసులో కూర్చున్నాడు. నల్లబల్ల మీద గళ్లు గీసి లెక్కలు వేస్తే, ఒక్క అంకె మారినా దాని మీద ఆధారపడినవన్నీ చెరిపి మళ్లీ రాయాలి. అవి వాటంతటవే మారిపోతే ఎంత బాగుంటుంది అనుకున్నాడు. బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే మిత్రుడితో కలిసి తయారుచేసిన ఆ ప్రోగ్రామే విసికాల్క్. 1979లో యాపిల్ 2 కంప్యూటర్ కోసం అమ్మకానికి వచ్చింది. 1983లో లోటస్ 1-2-3 వచ్చింది. 1985లో మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ మొదట మాకింటోష్ మీద, 1987లో విండోస్ మీద వచ్చింది.

తొలి రోజుల్లో షీట్ పని లెక్క కట్టడమే. లెక్క కట్టాక ఏ అంకె వైపు చూడాలో మనిషే వెతుక్కోవాలి. తర్వాత ఎక్సెల్‌లో మైనస్ అంకెల అక్షరాలు ఎర్రగా కనిపించేలా చేసే వీలు ఉండేది. పాత ఖాతా పుస్తకం ఎర్ర సిరా అలవాటే అది. ఎక్సెల్ 97లో కండిషనల్ ఫార్మాటింగ్ వచ్చింది. ఒక గడికి మూడు షరతుల దాకా పెట్టుకోవచ్చు. గడి మొత్తానికి రంగు వేయొచ్చు. పదేళ్ల తర్వాత ఎక్సెల్ 2007లో ఆ మూడు అనే హద్దు పోయింది. అంకెను బట్టి ముదురయ్యే కలర్ స్కేళ్లు, గడిలోనే పొడుగు చూపించే డేటా బార్లు, బాణాలు, ట్రాఫిక్ లైట్ల బొమ్మలు వచ్చాయి.

ఇది చిన్న మార్పు కాదు. అప్పటిదాకా మాస్టారు ప్రతి మార్కునూ చూసి ఎర్ర గీత గీసేవారు. చూడటమూ ఆయనే, గీయడమూ ఆయనే. కండిషనల్ ఫార్మాటింగ్‌తో చూసే పని యంత్రానికి పోయింది. మనిషి ఒక్కసారి షరతు రాసి పక్కకు తప్పుకుంటాడు. తర్వాత మూడొందల మందిని ఎవరూ చదవరు. ఎర్రగా ఉన్నవాళ్లనే చదువుతారు.

తేదీ అంటే తేదీ కాదు

ఇప్పుడు ఆ తమ్ముడి గడి.

ఎక్సెల్‌కు తేదీ అంటే ఒక అంకె. 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని రోజులు లెక్కపెట్టుకుంటూ పోతుంది. 2012 మార్చి 25 అంటే దాని లోపల 40993. మనకు కనిపించే రూపం పైన వేసిన చొక్కా మాత్రమే. ఇందులో ఒక తమాషా ఉంది. 1900లో ఫిబ్రవరి 29 లేదు. కానీ లోటస్ 1-2-3 ఆ రోజు ఉన్నట్టే లెక్కపెట్టింది. లోటస్ ఫైళ్లు తేడా లేకుండా తెరుచుకోవాలని ఎక్సెల్ కూడా ఆ తప్పును అలాగే ఉంచేసింది. ఎప్పుడో ఎవరో చేసిన తప్పు మీద ఇవాళ్టికీ ప్రపంచం తేదీలు లెక్కపెడుతోంది.

సరే. నా చేతిలో ఉన్న ల్యాప్‌టాప్‌లో తేదీ పద్ధతి అమెరికాది. ముందు నెల, తర్వాత రోజు. నేను రాసింది మన పద్ధతి. ముందు రోజు, తర్వాత నెల. 25/03/2012 అని కొట్టగానే ఎక్సెల్ ఏమనుకుంటుంది? ఇరవై అయిదో నెల లేదు. కాబట్టి ఇది తేదీ కాదు, ఏదో రాత అనుకుని అక్షరాల్లా దాచేసింది. తప్పు అని అరవలేదు. కళ్లకు తేదీలాగే కనిపించింది.

అక్షరాల్ని, అంకెల్ని పోల్చాల్సి వస్తే ఎక్సెల్ లెక్కలో అక్షరాలు ఏ అంకె కంటేనైనా పెద్దవి. నా షరతు ఏమిటి? ఇవాళ్టికి 30 రోజులు కలిపితే వచ్చే అంకె కంటే గడి చిన్నదైతే ఎరుపు. అక్షరం ఎప్పటికీ చిన్నది కాదు. కాబట్టి ఆ గడి ఆ నెల కాదు, పదేళ్లయినా ఎర్రబడదు.

ఇంకో రకం తప్పు కూడా ఉంది. ఏప్రిల్ 3 అనుకుని 03/04 అని కొడితే అది మార్చి 4 అయిపోతుంది. మార్చి 5 అనుకుని 05/03 కొడితే మే 3 అవుతుంది. మొదటిది ముందే ఎర్రబడి కంగారు పెడుతుంది. రెండోది గడువు దాటిపోయాక కూడా కొన్నాళ్లు తెల్లగా కూర్చుంటుంది.

అన్నిటికంటే విడ్డూరం ఖాళీ గడి. దాన్ని ఎక్సెల్ సున్నా కింద లెక్క వేసుకుంటుంది. సున్నా చిన్నది కదా, అందుకని ఎర్రబడుతుంది. ఏమీ రాయని గడి కేకలు పెట్టింది. తప్పు రాసిన గడి నోరు మెదపలేదు.

ఒక ఆనవాలు ఉండేది. మనం ఏమీ మార్చకపోతే ఎక్సెల్‌లో అంకెలు గడి కుడి గోడకు ఆనుకుంటాయి, అక్షరాలు ఎడమ గోడకు. కాలమ్ మొత్తం చూస్తే కొన్ని తేదీలు ఎడమకు జరిగి ఉండటం కనబడాల్సింది. కానీ నేను అందంగా ఉండాలని అన్నిటినీ మధ్యకు జరిపేశాను.

మంచులో బిగుసుకున్న సిగ్నల్

ఈ తప్పు నేనొక్కణ్ణే చేశానా అని తర్వాత వెతికాను. లేదు. రైల్వేవాళ్లు నాకంటే ఎంతో ముందు, ఇంకా పెద్దది చేశారు.

1876 జనవరి 21న ఇంగ్లండ్‌లో అబాట్స్ రిప్టన్ దగ్గర పెద్ద ప్రమాదం జరిగింది. అప్పట్లో అక్కడి పద్ధతి ఏమిటంటే, సిగ్నల్ మామూలుగా "పోవచ్చు" అన్నట్టే ఉంటుంది. అడ్డం ఉన్నప్పుడు మాత్రమే మార్చి "ఆగు" అని చూపిస్తారు. ఆ రోజు విపరీతంగా మంచు పడింది. సిగ్నల్ చేతులు మంచుకు బిగుసుకుపోయాయి. సిగ్నల్‌మన్ లివర్ లాగాడు. పైన చెయ్యి కదల్లేదు. డ్రైవర్‌కు "పోవచ్చు" అనే కనిపించింది. ఎక్స్‌ప్రెస్ రైలు వచ్చి బొగ్గు బండిని గుద్దింది, దాన్ని ఇంకో రైలు వచ్చి గుద్దింది. పదిమందికి పైగా చనిపోయారు.

విచారణ తర్వాత పద్ధతి తిరగేశారు. సిగ్నల్ మామూలు స్థితి "ఆగు". పోవచ్చు అని తెలిసినప్పుడే మార్చాలి. దీపాల్లోనూ మార్పు వచ్చింది. పాత రోజుల్లో తెల్ల దీపం అంటే "పోవచ్చు". కానీ ఎర్ర అద్దం పగిలి ఊడిపోతే ఆ దీపమూ తెల్లగానే కనిపిస్తుంది. అంటే చెడిపోయిన "ఆగు" కూడా "పోవచ్చు"లాగే ఉంటుంది. అందుకే మెల్లగా తెలుపు తీసేసి ఆకుపచ్చ తెచ్చారు. మన దేశంలో కూడా రంగుల సిగ్నల్ ఆరిపోయి ఉంటే డ్రైవర్ దాన్ని "ఆగు" కిందే లెక్క వేసుకోవాలి.

అర్థమైంది కదా? నా లిస్టు 1876కు ముందు రైల్వే. ఎరుపు ఒక్కటే పెట్టాను. తెలుపుకు రెండు అర్థాలు మిగిలిపోయాయి. ఒకటి "గడువు చాలా ఉంది". రెండు "నేను చూడలేదు". ఆ తమ్ముడికి మొదటి అర్థమే తెలుసు.

హద్దు ఎవరు గీశారు?

రంగు వెనక ఒక అంకె ఉంటుంది. ఆ అంకె ఆకాశం నుంచి పడదు. ఎవరో కూర్చుని నిర్ణయిస్తారు. 35 మార్కులు అలా నిర్ణయించిందే. నా 30 రోజులూ అలా నిర్ణయించిందే. పర్మిట్ రెన్యువల్‌కు మెడికల్‌తో కలిపి ఎంత టైము పడుతుందో చూసి పెట్టాలి గానీ, 30 అయితే చూడ్డానికి బాగుందని పెట్టాను.

ఎండలో పనిచేసేవాళ్లకు ఇలాంటి హద్దు ఒకటి ఉంది. 1950లలో అమెరికాలో పారిస్ ఐలండ్ అనే చోట మెరైన్ శిక్షణలో కుర్రాళ్లు వడదెబ్బకు పడిపోతుంటే, యాగ్లూ, మినార్డ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక కొలత తయారుచేశారు. వేడి ఒక్కటే కాదు, గాలిలో తేమ, ఎండ సెగ, గాలి వీచడం అన్నీ కలిపి ఒకే అంకె. దాన్నే వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్ అంటారు. ఆ అంకెను బట్టి శిక్షణ మైదానంలో జెండాలు ఎగరేస్తారు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, చివరికి నలుపు. 90 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే నల్ల జెండా. 90 అంటే మన లెక్కలో 32.2 సెల్సియస్.

2021లో ఖతార్ తెచ్చిన నిబంధన చూడండి. ఈ కొలత 32.1 దాటితే, గంట ఎంతయినా సరే, పని ఆపాలి. దాంతోపాటు జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు పొద్దున 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఆరుబయట పని నిషేధం. సైనికుల కోసం గీసిన గీత అరవై ఏళ్లకు షట్టరింగ్ కార్పెంటర్ దాకా వచ్చింది. ఖతార్‌లో ఉన్న మీరు ఈ 32.1 గుర్తు పెట్టుకోండి. మీ సైట్‌లో మీటర్ ఎక్కడ పెట్టారో కూడా అడగండి. నీడలో పెట్టిన మీటర్‌కు ఎండ తెలియదు.

ఇంకోటి మన ఊళ్లదే. 2020 ఏప్రిల్ 30న కేంద్ర ఆరోగ్య శాఖ దేశంలోని 733 జిల్లాలకు రంగులు వేసింది. ఎరుపు 130, నారింజ 284, ఆకుపచ్చ 319. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలకు ఆకుపచ్చ వచ్చింది ఒక్క విజయనగరానికే. మనం ఇక్కడ ఫోన్లు పట్టుకుని మా జిల్లా ఏ రంగు, మా అత్తగారి జిల్లా ఏ రంగు అని వెతుక్కున్నాం. అప్పుడు కేసులు ఎన్ని అన్నదొక్కటే చూడలేదు. టెస్టులు ఎంత మేరకు చేస్తున్నారు అన్నది కూడా లెక్కలోకి తీసుకుంటున్నామని చెప్పారు. ఎందుకు? టెస్టు చేయని చోట కేసు దొరకదు. దొరకలేదు కదా అని ఆకుపచ్చ వేస్తే, అది నా లిస్టులో తెల్ల గడిలాంటిదే.

ఆష్‌బర్న్‌లో నేర్చుకున్నది

ఇప్పుడు నేను వర్జీనియాలో ఆష్‌బర్న్‌లో ఉన్నాను. ఒకప్పుడు దీని పేరు ఫార్మ్‌వెల్. చుట్టూ పొలాలు, పాల డెయిరీలు. ఊరి మధ్య నుంచి పోయే రైలు 1968లో ఆగిపోయింది. ఆ పట్టాల దారి ఇప్పుడు సైకిళ్లు తొక్కే బాట. 1990ల నుంచి ఇంటర్నెట్ లైన్లు ఈ ప్రాంతంలో వచ్చి కలవడం మొదలయ్యాక పొలాల్లో డేటా సెంటర్లు లేచాయి. 1999లో ఈక్వినిక్స్ తన మొదటి డేటా సెంటర్ ఇక్కడే తెరిచింది. ఇప్పుడు ఈ ప్రాంతాన్ని డేటా సెంటర్ ఆలీ అంటారు. కిటికీలు లేని పెద్ద పెద్ద బిల్డింగులు. ప్రపంచంలో ఎవరో తెరిచే షీట్లు ఎన్నో ఇలాంటి బిల్డింగుల్లోనే కూర్చుని ఉంటాయి. నేను ఆ బిల్డింగులు కట్టే పనిలో సూపర్‌వైజర్‌ని.

ఇక్కడికి వచ్చాక మొదట నేర్చుకున్నది రంగు దేశాన్ని బట్టి మారుతుందని. మన దగ్గర చదువుకున్న ఎరుపు, పసుపు, నీలం ఫేజులు ఇక్కడ లేవు. 480 వోల్టుల లైన్లో గోధుమ, నారింజ, పసుపు వాడతారు. మన పాత వైరింగ్‌లో నలుపు అంటే న్యూట్రల్. ఇక్కడ నలుపు కరెంటు ఉన్న తీగ. పాత అలవాటుతో నల్ల తీగ పట్టుకుంటే ప్రాణం పోతుంది. తేదీలాగే రంగు కూడా ఒక ఒప్పందం. ఎవరి ఒప్పందమో అడిగి తెలుసుకోవాలి.

రెండోది టెస్టర్ పాఠం. తీగలో కరెంటు లేదని ఎలా తేల్చాలి? టెస్టర్ పెట్టాం, వెలగలేదు, కాబట్టి లేదు అంటే ఇక్కడ ఒప్పుకోరు. ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి టెస్టర్ వెలుగుతోందో లేదో చూడాలి. తర్వాత మనం పనిచేయాల్సిన తీగ మీద పెట్టాలి. మళ్లీ తెలిసిన చోట పెట్టి చూడాలి. మూడుసార్లు. ఎందుకంటే టెస్టర్ చచ్చిపోయినా వెలగదు. వెలగకపోవడానికి రెండు అర్థాలు ఉన్నాయి.

మూడోది కంట్రోల్ రూమ్ గోడ మీద తెర. మెషీన్లకు వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే మంచిదని ఆష్రే అనే ఇంజనీర్ల సంఘం సూచిస్తుంది. మా సైట్‌లో ఆ తెర మీద ప్రతి సెన్సర్‌కూ ఒక గడి. హద్దులో ఉంటే ఆకుపచ్చ, దాటితే ఎరుపు. కానీ సెన్సర్ నుంచి కబురే రాకపోతే? దానికి వేరే రంగు. ఊదా. "నాకు తెలియడం లేదు, వచ్చి చూడండి" అని అర్థం. ఆ ఊదా రంగు మొదటిసారి చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. ఒక మెషీన్ సంగతి తెలియకపోతే తెలియడం లేదని చెప్పడానికి ఒక రంగు పెట్టారు. నేను మూడొందల మంది మనుషుల లిస్టులో ఆ రంగు పెట్టలేదు.

ఇలా చేయండి

మీలో ఎవరి చేతిలోనైనా ఇలాంటి లిస్టు ఉంటే, టైమ్‌కీపర్‌గానో, క్యాంపు బాస్‌గానో, రూమ్‌లో చిట్టీ లెక్క చూసేవాడిగానో, ఈ నాలుగూ చేయండి.

ఒకటి. తేదీలో నెలను అంకెతో రాయకండి. 25-మార్చి-2012 లాగా నెల పేరు ఇంగ్లిష్‌లో మూడక్షరాలతో కొట్టండి. మన పద్ధతైనా, అమెరికా పద్ధతైనా తేడా రాదు. డేటా వ్యాలిడేషన్‌లో తేదీ తప్ప ఇంకేదీ తీసుకోవద్దని కూడా పెట్టండి.

రెండు. షరతులన్నిటికంటే పైన ఇంకో షరతు పెట్టండి. గడిలో ఉన్నది అంకె కాకపోతే ఊదా రంగు. ఐఎస్‌నంబర్ అనే ఫార్ములా ఇది చెప్తుంది. ఖాళీ గడి, అక్షరాలుగా మారిన తేదీ, రెండూ అందులో పట్టుబడతాయి.

మూడు. బాగున్నదానికి కూడా రంగు ఇవ్వండి. గడువు ఉంటే ఆకుపచ్చ. ఏ గడీ తెల్లగా మిగలకూడదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా కనబడని కళ్లు మగవాళ్లలో చాలామందికే ఉంటాయి, నలుపు తెలుపు ప్రింటర్‌కైతే అసలు కనబడదు. అందుకే పక్క కాలమ్‌లో "చూడాలి", "ఉంది" అని మాట కూడా రాయించండి.

నాలుగు. లిస్టు మొదటి లైన్లో ఎప్పుడో గడువు దాటిన ఒక ఉత్తుత్తి తేదీ పెట్టండి. రోజూ తెరవగానే అది ఎర్రగా ఉందో లేదో చూడండి. అది మన టెస్టర్ పరీక్ష. అది ఎర్రగా లేకపోతే కింద ఏ గడినీ నమ్మకండి.

లిస్టు మీ చేతిలో లేనివాళ్లకు ఒక్కటే మాట. మీ పర్మిట్, మీ పాస్‌పోర్ట్, మీ మెడికల్ తేదీలు మీరే ఒక కాగితం మీద రాసుకుని పర్సులో పెట్టుకోండి. ఆఫీసు బోర్డు మీద పేరు ఎర్రగా లేదని నిశ్చింతగా ఉండకండి. వెళ్లి అడగండి. "నా తేదీ ఏమని ఉంది, చదివి వినిపించు" అనండి. విసుక్కున్నా పర్లేదు. ఆ విసుగు టికెట్ డబ్బుల కంటే చవక.

ఆ తమ్ముడు ఇప్పుడు ఊళ్లోనే ఉన్నాడు. పండగకు ఫోన్ చేస్తాడు. చెల్లెలికి ఇద్దరు పిల్లలు. పోయిన దసరాకు నేనే ఆ పాత సంగతి ఎత్తి, ఆ గడి ఎందుకు ఎర్రబడలేదో పూసగుచ్చినట్టు చెప్పాను. అక్షరం అంకె కంటే పెద్దదని, నేను అన్నిటినీ మధ్యకు జరిపానని, అన్నీ. అంతా విని అన్నాడు.

"అయితే అన్నా, కంప్యూటర్‌కు నా తేదీ అర్థం గాలేదు. ఆ ముక్క అప్పుడే అది చెప్పుంటే అయిపోవు గదా."

అదే తమ్ముడూ. అది చెప్పేలా చేయాల్సింది నేను.